వెలుగులో గుడ్డు చూడటం

పామూరు ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోది. మెట్ట సేద్యం, గొర్రెలు, పెరటి కోళ్లు ఇక్కడి బతుకుతెరువు. పెట్టను పొదగేయడం ఆడవాళ్ల పని. గంపలో ఊకో ఇసుకో పోసి గుడ్లు పేరుస్తారు. ఉరుములకు మురిగిపోతాయని ఇనుప ముక్కో బొగ్గో పక్కన పెట్టడం పాత నమ్మకం.

పొదగేయకముందు పుంజు దాటిన గుడ్డేదో పెంకు పైనుంచి తెలియదు. పగలగొడితే పచ్చసొన మీద తెల్లని చుక్క చుట్టూ వలయం కనిపిస్తుంది గానీ ఆ గుడ్డు ఇక పొదగడానికి పనికిరాదు. అందుకే అసలు పరీక్ష వారం తర్వాతే. చీకటింట్లో గుడ్డును పిడికిట పట్టి దీపం ముందు ఉంచితే, పిండం కట్టినదాంట్లో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు. వట్టి గుడ్డు తేటగా వెలుగుతుంది. ఆ నరాలను మొదటిసారి చూసినవాళ్లు చాలాకాలం మరిచిపోరు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్, నాలుగో రోజుకల్లా సొనలో కొట్టుకునే నెత్తుటి చుక్కే గుండె అని రాశాడు.

కిరసనాయిలు బుడ్డి పోయి టార్చి, ఆపై సెల్‌ఫోన్ లైటు వచ్చాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా రకం పెట్టలు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లకు నాటుపెట్టో ఇంక్యుబేటరో కావాలి. ఏడో రోజు పరీక్ష మాత్రం రెండింటికీ ఒకటే. పిల్లలు లేచేది ఇరవై ఒకటో రోజున.