ధాత కరువు చిత్రములు

క్రీ. శ. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమునకు మన సీమలో ధాత కరువని పేరు. ధాతనామ సంవత్సరమున నైరుతి వానలును ఈశాన్యపు వానలును గూడ తప్పినందున ఆ పేరు నిలిచినది. ఆనాటి ఛాయాపటములను లండనులోని వెల్‌కమ్ సంగ్రహమువారును మఱికొందఱును అంతర్జాలమున నెల్లరు చూచునట్లు ఉంచియున్నారు. కుందుర్పి దుర్గము క్రింద నొక యింటి యరుగుపై కూర్చుండి మేము వానిని జూచితిమి.

ఈ పటములు తీసినవాడు విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి. ఎముకలగూళ్లైన తల్లులను, బిడ్డలను, వృద్ధులను గుంపుగా కూర్చుండబెట్టి, వారి ప్రక్కటెముకలు లెక్కకు వచ్చునట్లు చిత్రించినాడు. ఆ కూర్చుండబెట్టుటలోనే మా మనస్సునకు బాధ తోచినది. ఒక్కరికైనను పేరు లేదు. ఇతడే 1886లో బర్మాదేశమున, తుపాకులవారి యెదుట నిలువబడిన ఖైదీలను ప్రాణము పోవు క్షణముననే పటము తీయబూనెననియు, దానిపై విచారణ జరిగెననియు ఎఱిగిన పిదప ఈ కరువు పటములను మునుపటి కన్నుతో చూడజాలము. అయినను వానిని దాచివేయుమని మేము చెప్పము. అవి లేకున్న ఆ యాకలి కాగితముపై అంకెలుగా మాత్రమే మిగిలియుండెడిది.

మా యాక్షేపణ మఱియొకటి. పటములను మాత్రమే చూచినవాడు, వాన లేదు గనుక జనులు చచ్చిరని తలచి లేచిపోవును. మదరాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ముందుచూపుతో 30,000 టన్నుల ధాన్యమును రహస్యముగా కొనిపించగా, వర్తకమున జోక్యము కూడదని రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు కోపించెను. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను విచారణకై పంపెను. ఈ టెంపులే 1874లో బీహారు కరువునందు బర్మా బియ్యము తెప్పించి జనులను కాచి, ధనము దుబారా చేసెనని నింద మోసినవాడు. ఈ మాఱు ఆ నింద రానీయలేదు. కరువుపనిలో రాళ్లు గొట్టు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొంచెము చిల్లరయు చాలునని నిర్ణయించెను. పౌననగా సుమారు 450 గ్రాములు. ఎండలో గునపము పట్టినవానికి రెండుపూటలకు అది ఏపాటి సంగటియగునో మన గృహిణులకు చెప్పనక్కఱలేదు. మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి హెచ్చింపబడినది. ఆ నెలలలో పోయినవారు మరలి రాలేదు.

రైలు లేకపోలేదు. 1871 నాటికే మదరాసు రైలు గుత్తిమీదుగా రాయచూరు చేరినది. కాని గడ్డియు నీరును లేక యెద్దులు పడిపోగా, స్టేషనునుండి పల్లెకు బండి కదలలేదు. కరువు చరిత్రలలో ఎద్దునుగూర్చి ఇంకను ఎక్కువగా వ్రాయవలసియున్నది.

ఈ కరువునందు దేశమున మృతులు 55 లక్షలని కొందఱు, 80 లక్షలకు మించిరని కొందఱు లెక్కించిరి. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చినచో మన సీమలో సుమారు ఐదింట నొకపాలు తగ్గినట్లున్నది.

ప్రదర్శనమును కూర్చువారు ఒక్కొక్క పటముప్రక్కన ఆ దినములలోని జొన్నల ధరను, కూలి పట్టికను, కార్నిష్ వ్రాసిన యాక్షేపణను ఉంచిన బాగుండును. విలియమ్ డిగ్బీ 1878లో రెండు సంపుటములుగా ప్రకటించిన కరువు చరిత్ర యుండగా ఇది అసాధ్యము కాదు. తెలుగున వివరణయు వలయును. ఆ పటములలోనివారి మనుమలు చదువగల భాష కావలెను గదా.

ఈ సీమ చదువరులకు ఒక సూచన. అనంతపురము జిల్లా 1882లో గాని యేర్పడలేదు. మేము మొదట ఆ పేరుతో వెదకి, ఏమియు దొరకక, మన యూరిని కరువు తాకలేదేమోయని క్షణకాలము సంతోషించితిమి. తరువాత బళ్లారి యని వెదకితిమి.