కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో మాన్యువల్ గేర్: దేనిలో దొరుకుతుంది, దేనిలో దొరకదు

మన దేశంలో కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో మాన్యువల్ గేర్ ఇంకా బాగానే దొరుకుతోంది. అయితే అన్ని ఇంజిన్లతోనూ రాదు. ఇంజిన్ నచ్చిందని ముందే ఖాయం చేసుకుంటే, గేర్ విషయంలో మనకు ఎంపికే ఉండకపోవచ్చు.

మాన్యువల్ ఉన్నవి

మారుతి బ్రెజ్జా 1.5 లీటర్ పెట్రోల్‌కు 5 గేర్ల మాన్యువల్ ఉంది. హోండా ఎలివేట్‌లో, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ పెట్రోల్, డీజిల్ రెండింటిలోనూ 6 గేర్ల మాన్యువల్ వస్తుంది. హ్యుందాయ్ క్రెటా మామూలు 1.5 పెట్రోల్, 1.5 డీజిల్ ఇంజిన్లకు కూడా అంతే. సీఎన్‌జీ కావాలంటే దాదాపు మాన్యువలే గతి. బ్రెజ్జా సీఎన్‌జీ మాన్యువల్‌తోనే వచ్చింది.

మాన్యువల్ లేనివి

2024 జనవరిలో వచ్చిన కొత్త క్రెటాలో టర్బో పెట్రోల్‌కు ఆటోమేటిక్ మాత్రమే ఇచ్చారు. టర్బోతో మాన్యువల్ కావాలన్నవాళ్లకు ఆ తర్వాత ఎన్ లైన్ మోడల్ వచ్చింది. గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు ఈ-సీవీటీ ఒక్కటే. అందులో ఇంజిన్, మోటార్ ఎప్పుడు ఎంత పనిచేయాలో బండే చూసుకుంటుంది కాబట్టి క్లచ్ పెడల్‌కు చోటు లేదు. ఎలక్ట్రిక్ బండ్లలో గేర్లు మార్చే పనే ఉండదు.

ఇక ఐఎంటీలో గేర్ చేత్తోనే మార్చాలి, కానీ క్లచ్ పెడల్ ఉండదు. ఇది 2020లో వెన్యూతో మొదలైంది. పేరు చూసి పూర్తి ఆటోమేటిక్ అనుకోవద్దు.

డబ్బు లెక్క

అదే వేరియంట్‌లో మాన్యువల్ కంటే ఏఎంటీకి సుమారు 50 నుంచి 80 వేలు, సీవీటీకి లేదా టార్క్ కన్వర్టర్‌కు సుమారు లక్ష నుంచి లక్షన్నర ఎక్కువ అవుతుంది. వడ్డీ లోన్ వద్దనుకుని, కూడబెట్టిన సొమ్ముతోనే బండి కొనే కుటుంబాలకు ఇది చిన్న మొత్తం కాదు. కానీ రోజూ మెహదీపట్నం, టోలీచౌకీ ట్రాఫిక్‌లో తిరిగే బండికి క్లచ్ ప్లేట్ త్వరగా అరుగుతుంది. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి. ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టడం, హాఫ్ క్లచ్ మీద బండిని నిలపకపోవడం అలవాటైతే ప్లేట్ ఎక్కువ కాలం వస్తుంది.

ఎవరు నడుపుతారు?

మన దగ్గర కారు లైసెన్స్ ఉంటే రెండు రకాలూ నడపొచ్చు. యూఏఈలో మాత్రం ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్స్ ఉంది. అది తీసుకున్నవాళ్లు అక్కడ మాన్యువల్ నడపకూడదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఆటోమేటిక్‌కే అలవాటుపడిన అన్నయ్య సెలవుల్లో వచ్చి మన మాన్యువల్ బండి తీస్తానంటే, ముందు ఖాళీ రోడ్డులో ఒకసారి నడిపి చూడనివ్వండి. మోకాళ్ల నొప్పులున్న అబ్బాజాన్, కొత్తగా నేర్చుకుంటున్న చెల్లెలు కూడా అదే బండి నడపాలంటే, ధర తేడా కన్నా వాళ్ల సౌకర్యమే ముఖ్యం.

బుకింగ్‌కు ముందు

ఇంజిన్, గేర్, వేరియంట్ మూడింటినీ కాగితం మీద రాయించుకోండి. కంపెనీలు వేరియంట్లు తరచూ మారుస్తుంటాయి కాబట్టి ఆ రోజు ఏవి దొరుకుతున్నాయో అడగండి. కొన్ని మోడళ్లలో మాన్యువల్ కింది, మధ్య వేరియంట్లకే ఆగిపోతుంది. మీకు కావాల్సిన ఎయిర్‌బ్యాగులు, కెమెరా అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లో బండి నడిపే అందరినీ తీసుకెళ్లండి. సంతకం ఆ తర్వాతే.