వెబ్లీ ఎయిర్ పిస్టల్: అజీబ్ ముక్క అస్లీనా, జోడింపా?

పాత ఎయిర్ పిస్టళ్లు జమ చేసే షౌకీనుల దగ్గర 'వేరియేషన్' అనే మాట పడితే చాలు, ఖరీదు ఎగబాకుతుంది. నా దగ్గరున్నవి ఎక్కువగా వెబ్లీలే కాబట్టి ఆ ముచ్చటే చెప్తాను.

1920లో బ్రిటన్ సర్కార్ కొత్త ఆయుధాల కానూన్ తెచ్చింది. అప్పటి నుంచి పిస్టల్ కొనాలంటే పోలీసుల సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. మామూలు గాలి తుపాకులకు అప్పట్లో ఆ బంధన్ ఉండేది కాదు. బ్రిటిష్ ఫౌజుకు రివాల్వర్లు చేసిన బర్మింగ్‌హామ్ కంపెనీ వెబ్లీ అండ్ స్కాట్ ఈ మౌకా చూసే గాలి పిస్టల్ వైపు తిరిగిందని నా ఖయాల్. 1924లో మార్క్ 1 వచ్చింది. డిజైన్ డగ్లస్ జాన్‌స్టోన్, జాన్ ఫియర్న్‌లది. గొట్టం సిలిండర్ మీద పడుకుని ఉంటుంది. వెనక కొస పట్టి పైకెత్తి ముందుకు తిప్పితే స్ప్రింగ్ బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ వెనక్కి దూకుతుంది. ఏం హునర్! అంత బలమున్నా పిస్టల్ పొట్టిగానే ఉంది. 1929లో గొట్టం లోపల గాడులు లేని చవక జూనియర్, 1930లో సీనియర్ వచ్చాయి.

మస్లా ఎక్కడంటే, మార్క్ 1 గొట్టం విప్పి 0.177 బదులు 0.22 అంగుళాలది బిగించుకోవచ్చు. పైగా ఏ కారఖానా అయినా మిగిలిన పాత ముక్కలను పారేయదు, కొత్త మాల్‌లో వాడేస్తుంది. కాబట్టి తొలినాటి చెక్క పట్టీల మీద తర్వాతి కాలం గొట్టం కనబడితే అది కారఖానా పనా, కొన్నవాడి పనా?

ఒకాయన అలాంటిదే చూపించి 'కంపెనీ నమూనా' అని దావా చేశాడు. నేను ముందు స్క్రూల మీద నజర్ పెట్టాను. గొట్టం కీలు స్క్రూ గాడి చితికిపోయింది, మిగతావి సాఫ్‌గా ఉన్నాయి. సిలిండర్ నీలిరంగు అరిగి గోధుమకు తిరిగింది, గొట్టం మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఆ ధరకు వద్దన్నాను. నా దగ్గరే ఇంకో వింత ముక్క ఉంది. దాని అరుగుదల అన్ని భాగాల మీదా ఒకేలా ఉంది, స్క్రూలను ఎవరూ ముట్టలేదు. దాన్నింకా విప్పలేదు, విప్పను కూడా.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే పాలిష్‌వాలాకు ఇవ్వకండి భాయ్. సన్నటి నూనె గుడ్డ చాలు. అతను మెరిపించాక ఆ అరుగుదల గవాహీ మళ్లీ దొరకదు.