పేర్లు మారిన పూర్వులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు గ్రామచరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. దేవాలయమును గూర్చియు, చెరువును గూర్చియు నాకంటె బాగుగ వ్రాయగలవారు ఉన్నారు. నేను మా యింట జరిగిన యొక సంగతిని ఆధారముగ గొని, మన పూర్వుల పేర్లు ఎట్లు మారుచు వచ్చినవో, ఆ మార్పువలన వంశచరిత్ర వెదకువారు ఎట్లు దారి తప్పుదురో వ్రాయదలచితిని. ఇది రాజుల చరిత్ర కాదు. ఐనను రాజులును ఇందు ఒకచోట వత్తురు.

2001వ సంవత్సరమున నా తమ్ముని కుమార్తెకు ఒక సంబంధము వచ్చినది. వరుని గ్రామము మనకు రెండామడల దూరము. చదువు, ఆస్తి, గుణము అన్నియు కుదిరినవి. మనలో సంబంధము మాటలాడునప్పుడు మొట్టమొదట అడుగునది ఇంటిపేరు. ఇంటిపేరొకటియైనచో దాయాదులు, అచ్చటితో మాట ఆగిపోవును. వారి యింటిపేరు వేరు, మాది వేరు. వారి యింటిపేరు మన గ్రామము పేరే యగుటచే, మన ఊరి పేరు పెట్టుకొన్నవారు మన ఊరికే వియ్యంకులగుచున్నారని అందరును వేడుకగ చెప్పుకొనిరి.

పిల్లను చూచుటకు వరుని నాయనమ్మగారు వచ్చిరి. ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు. మా పెద్దల సంగతులన్నియు ఒక్కొక్కటిగ అడిగి, కొంతసేపు ఊరకుండి, "మీ ముత్తాత పోయిననాడు మా మామగారు పది రోజులు మైల పట్టినారని మా అత్త చెప్పేది నాయనా. మైల ఉన్న ఇంట మనువేమిటి?" అని నన్నడిగిరి. అందరును నవ్విరి. ఇంటిపేరే వేరైనప్పుడు మైల ఎక్కడిదని మా తమ్ముడనెను. ఆమె నవ్వలేదు. పాత కాగితములు చదువు అలవాటు నాకు కొంత యుండుటచే నిజము తేల్చు పని నా మీద పడినది. అనుకొన్న ముహూర్తమునకు ఆరు వారములు గడువు.

మా తండ్రిగారు వ్రాసియుంచిన వంశవృక్షమున మా ముత్తాతగారికి ఒక తమ్ముడు కలడు. తాతగారు గతించిన తరువాత పుట్టినందున ఆయనకు తాతగారి పేరే పెట్టిరి. ఆ పేరు ప్రక్కన "సంతు లేదు" అని యున్నది. నేను దానికి శుభ్రప్రతి వ్రాసినప్పుడు ఆ రెండు మాటలను నా చేతితోనే ఎక్కించితిని. ఇక వరునివారు తమ మూలపురుషుడు అబ్బయ్య యని చెప్పిరి. మా వృక్షమున అబ్బయ్య యనువాడు ఎచ్చటను లేడు.

మొదట ఇంటిపేరు సంగతి విచారింతము. మన యింటిపేర్లలో పెక్కు గ్రామనామములే. ఒక కుటుంబము ఒక ఊరు విడిచి మరియొక ఊరు చేరినప్పుడు, చేరిన ఊరివారు వారిని విడిచిన ఊరి పేరుతో పిలుతురు. ఉన్న ఊరిలో ఆ ఊరి పేరుతో పిలిచిన ఎవరిని పిలిచినట్లు? అందరును ఆ ఊరివారే గదా! కావున గ్రామనామమైన యింటిపేరు సాధారణముగ ఎచ్చటనుండి వచ్చిరో చెప్పును. ఇల్లరికము పోయిన అల్లునికి ఈ పేరు మరింత త్వరగ అంటుకొనును. "ఫలాని ఊరి అల్లుడు" అనుచుండగా అనుచుండగా, రెండు తరములు గడచుసరికి అదియే ఇంటిపేరై కూర్చుండును. వరునివారి యింటిపేరు మన గ్రామనామమైనప్పుడు, వారి పూర్వుడెవడో మన గ్రామమునుండియే పోయియుండవలెనను ఊహ మాకు మొదటి దినముననే తట్టవలసియుండెను. వేడుక చేసితిమే కాని ఆలోచింపలేదు.

ఇంటిపేరుకన్న సొంతపేరు చిక్కు పెద్దది. మనవనికి తాతపేరు పెట్టుట మన ఆచారము. కాని కోడలు మామగారి పేరు నోట పలుకరాదు. కన్నకొడుకును ఆ పేరుతో పిలిచి, అల్లరి చేసిన తిట్టుట యెట్లు? అందుచే ఇంట మరియొక పేరు పుట్టును: అబ్బాయి, బుజ్జి, చిన్నయ్య, తాతయ్య. ఊరందరును ఆ పేరుతోనే పిలుతురు. పెట్టిన పేరు పురోహితుని సంకల్పమునకును, పిలుపు పేరు లోకమునకును చెల్లును. పల్లెటూళ్లలో "తాతయ్య", "అబ్బయ్య" అను పేర్లు అన్ని యుండుటకు ఇదియు ఒక కారణము.

బిడ్డలు పుట్టి పుట్టి పోయిన యింట మరియొక విధము. పుట్టిన బిడ్డను పెంటకుప్పమీద పొరలించి పెంటయ్య యనియు, ఎంగిలి విస్తరిలో వేసి తీసి పుల్లయ్య యనియు, చేటెడు తవుడిచ్చి కొన్నట్లు నటించి తవిటయ్య, తవిటమ్మ యనియు పిలిచిరి. మృత్యుదేవత ఇట్టి పేరుగల బిడ్డను చూచి అసహ్యించుకొని పోవునని తల్లుల నమ్మకము. ఆ బిడ్డ బ్రతికి పెద్దవాడై నాలుగు కాసులు గడించిన పిమ్మట పెంటయ్య యనిపించుకొనుటకు ఇష్టపడక, దస్తావేజులలో మరియొక పేరు వ్రాయించుకొనుటయు కలదు. మ్రొక్కు పేర్లును ఇట్టివే. సింహాచలమునకు మ్రొక్కినవారు అప్పలస్వామి యనియు, దర్గాకు మ్రొక్కినవారు మస్తానయ్య యనియు పెట్టుదురు. మస్తానయ్య యను పేరు చూచినంతనే ఇది తురకల యిల్లు అని తీర్మానించి, తమ ముత్తవతండ్రినే తమవాడు కాడని త్రోసిపుచ్చినవారిని నేనెరుగుదును.

ఆడవారి సంగతి మరియు కష్టము. పెండ్లితో ఇంటిపేరు మారును. అత్తగారి పేరును కోడలి పేరును ఒకటైనచో కోడలి సొంతపేరును మారును. పుట్టింట ఒక పేరు, మెట్టినింట మరియొకటి, కాగితములలో "ఫలానావారి భార్య" మాత్రమే. మన వంశవృక్షములలో కూతుళ్ల కొమ్మలు మోడులై యుండుటకు కారణము వారికి సంతతి లేకపోవుట కాదు.

రాజులును ఈ విషయమున మనవంటివారే. వేంగీచాళుక్యులు పట్టాభిషిక్తులగునప్పుడు విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అను బిరుదులను మార్చి మార్చి ధరించిరి. కుబ్జవిష్ణువర్ధనునితో మొదలిడిన విష్ణువర్ధనులు అనేకులు. సొంతపేరు అమ్మరాజు గలవారే ఇరువురున్నారు. మొదటివాడు విష్ణువర్ధనుడు, రెండవవాడు విజయాదిత్యుడు. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రునిది ఆయన తల్లి కుందవ్వ తండ్రియైన రాజరాజచోళుని పేరు. ఆయన కుమారునిది మరల మాతామహుడైన రాజేంద్రచోళుని పేరు. ఆ రాజేంద్రుడే 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడైనాడు. పేర్లను మాత్రమే చూచువాడు తండ్రికొడుకులను వేంగిలో వెదకునో, తంజావూరున వెదకునో చెప్పలేము. తామ్రశాసనములలో తల్లి యెవరు, తండ్రి యెవరు అను వంశక్రమమును పోల్చి చూచుటవలననే ఇరువురు కాదు, ఒక్కడే యని తేలినది. మా యింటి చిక్కును విప్పినదియు ఆ పద్ధతియే.

మా పూర్వులకు చెరువు మరమ్మతుకై యిచ్చిన దశబంధ మాన్యము కొంత యుండెడిది. 1858 తరువాత ఇనాము కమీషనువారు మద్రాసు రాజధానియందలి మాన్యములన్నిటిని విచారించి పట్టికలు వ్రాయించిరి. మాన్యము ఎవరిచ్చిరి, అనుభవించువారెవరు, వారి వయస్సెంత, పూర్వపు హక్కుదారునకు ఏమగుదురు అను గడులు అందు ఉండును. వంశచరిత్ర వెదకువానికి ఆ చుట్టరికపు గడి బంగారము వంటిది. మా గ్రామపు పట్టిక నకలు సంపాదించి చూడగా, మా ముత్తాతగారికి పదునాలుగేండ్లు, ఆయన తమ్మునికి పదునొకండేండ్లు, తండ్రి గతించినందున తల్లి సంరక్షణ అని యున్నది. తమ్ముని పేరు అబ్బయ్య!

ఐనను అబ్బయ్యలు ఊరికి పదిమంది. ఈ యబ్బయ్యయే ఆ యబ్బయ్య యనుటకు సాక్ష్యమేమి? ఇందుకై వరునివారి యింట పాత పెట్టె తెరపించితిని. వారును ఏ మాత్రము సంకోచింపక తెరచిరి. అడుగున, చెదలు ఒక మూల తినివేసిన విడుదల దస్తావేజు దొరికినది. ఫసలీ 1291. ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును, అనగా 1881. అందు మా వృక్షమునందలి తాతపేరు వ్రాసి, దాని తరువాత "వురఫు అబ్బయ్య" అని వ్రాసి, ప్రస్తుతము అత్తవారి గ్రామమున కాపురమున్నట్లును, మాన్యములో తన భాగమును అన్నగారికి విడిచినట్లును, తూర్పున చెరువుకట్ట, దక్షిణమున డొంక అని హద్దులతో సహా యున్నది. ఆ చెరువుకట్ట నేటికిని అచ్చటనే యున్నది. వురఫు అను మూడక్షరములు నూట యిరువదియేండ్లు ఆ పెట్టెలో మా కొరకు వేచియున్నట్లు నాకు తోచినది.

"సంతు లేదు" అని మా తండ్రిగారేల వ్రాసిరి? ఆయన అబద్ధమాడువారు కారు. ఈ గ్రామమున సంతు లేదు; తమకు తెలియదు. తెలియనిదానిని లేదని వ్రాసిరి. నేను విచారింపకయే ఎక్కించితిని. కాగితము రెండు మాటలతో ఒక శాఖనంతటిని కొట్టివేయగా, పది దినముల మైలను జ్ఞాపకముంచుకొన్న అత్తాకోడండ్రు దానిని నిలిపిరి. వంశచరిత్ర వ్రాయువారు ముసలివారిని పేర్లు అడుగుట కన్న, ఎవరింట చావైన ఎవరు స్నానము చేసిరి, ఎవరి పెండ్లికి ఎవరు పుట్టింటి పసుపుకుంకుమలు తెచ్చిరి అని అడుగుట మేలని నాటినుండి నేను చెప్పుచున్నాను. మైల పట్టువాడు పేరు చూచి పట్టడు గదా!

రెండామడల దూరము పోయినవాని సంగతియే యిట్లున్నప్పుడు సముద్రము దాటినవారి మాట చెప్పనేల? 1834 మొదలు మారిషసుకును, 1860 మొదలు నేటాలుకును మనవారు కూలి ఒప్పందములమీద వేలకొలదిగ పోయిరి. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ 1860 నవంబరు 16న దర్బనుకు చేరినది. 1911 వరకు నేటాలు చేరినవారు మొత్తము 1,52,000కు పైగా. అందు తెలుగువారు, తమిళులు, ఉత్తరాదివారు కలరు. ఓడ పట్టికలో వ్రాయు గుమాస్తాకు మన భాష రాదు; చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. తెల్లవారి లెక్కలో చివరి పేరే యింటిపేరు. మనకు ఇంటిపేరు ముందుండును. దానిని అడిగినవారు లేరు. కావున తండ్రి సొంతపేరు కొడుకులకు, మనుమలకు ఇంటిపేరైనది. మారిషసులో రామసామి, అప్పడు వంటివి నేడు ఇంటిపేర్లు. నాయుడు అను గౌరవపదము దక్షిణాఫ్రికాలో వేలాది కుటుంబములకు ఇంటిపేరై, ఒకరికొకరు ఏమియు కానివారిని ఒక్క యింటివారివలె చూపుచున్నది. ఐనను ఆ పట్టికలు కూలివానికి ఒక సంఖ్య నిచ్చినవి. పేరు ఎన్ని విధముల వ్రాసినను ఆ సంఖ్య మారలేదు. తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చ కూడ వ్రాసిరి. మనుష్యునికి అంకె వేయుట హీనమైన పని యనుటలో సందేహము లేదు. కాని నేడు వారి మునిమనుమలు ఆ యంకెను పట్టుకొనియే తమ పూర్వుల ఊరిని వెదకికొనుచు వచ్చుచున్నారు. అట్టివారెవరైన మన గ్రామమునకు వచ్చినచో, మీరు చెప్పు ఇంటిపేరు మా ఊరిలో లేదని తలుపు వేయక, వారి ముత్తాత తండ్రి పేరేమో అడుగవలెనని నా మనవి.

ఇక మా సంగతి. పెండ్లిమాట నిలిచిపోయినది. ఐదారు తరముల వెనుకటి అన్నదమ్ముల మాట ఇప్పుడెందుకని పిల్లలు వాదించిరి. వారి వాదము తప్పని నేననజాలను. మా తమ్ముడు నాతో కొన్ని నెలలు సరిగ మాటలాడలేదు. ఆ కాగితము వెదకకయే యుండవలసినదని అతని భావము. ఒక్కొక్క రాత్రి నాకును అట్లే తోచెడిది. పెద్దలు మాత్రము ఏడు తరములలోపలివారు దాయాదులే యనిరి.

మరుసటియేట అమ్మాయికి వేరొక చోట వివాహమైనది. ఆనాడు లాజహోమమునకు వధువు దోసిట పేలాలు పోయుటకు సోదరుడు కావలసివచ్చెను. మా తమ్మునికి మగబిడ్డలు లేరు. రెండామడల దూరమునుండి నాయనమ్మను వెంటబెట్టుకొని వచ్చిన ఆ అబ్బాయి, ఎవరును పిలువకమునుపే ఉత్తరీయము నడుమునకు చుట్టుకొని, పేలాల చేట అందుకొనెను.