కీలు ఎరిగిన మాట

'ఆర్టిక్యులేట్' అనే ఇంగ్లీషు మాటను నేను మొదట చూసింది బ్యాంకు కాగితాల మీద. ఉద్యోగి పనితీరు గురించి పైఅధికారి రాసే నివేదికలో, ఫలానావాడు స్పష్టంగా, చక్కగా మాట్లాడగలడని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. మాట్లాడలేడనుకుంటే దాని ముందు 'నాట్' చేరుస్తారు. కొన్నేళ్లకు అలా చేర్చే అధికారం నాకూ వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఈ మాటకు మూలం లాటిన్ భాషలోని 'ఆర్టిక్యులస్'. అంటే చిన్న కీలు. కీళ్లుగా విడదీయడం అనే అర్థం నుంచి, మాటను ముక్క ముక్కగా విడదీసి స్పష్టంగా పలకడం అనే అర్థం వచ్చింది. వేళ్లకు కీళ్లు లేకపోతే పిడికిలి పట్టలేం. గొంతులోంచి వచ్చే శబ్దానికి కీళ్లు లేకపోతే అది అరుపే గాని మాట కాదు. ముందు బండినీ వెనక బండినీ కీలుతో కలిపిన పెద్ద లారీని ఇంగ్లండులో 'ఆర్టిక్యులేటెడ్ లారీ' అనడం కూడా ఇందుకే. బీకాంలో మేము బట్టీ పట్టిన 'ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్' కూడా ఆ ఇంటి మాటే. కంపెనీ నియమావళిలో ఒక్కొక్క నియమమూ ఒక్కొక్క కీలన్నమాట. షేక్‌స్పియర్ తన 'కొరియొలేనస్' నాటకంలో షరతులు మాట్లాడుకోవడం అనే అర్థంలో ఈ క్రియను వాడాడు. ఆ వాడుక ఇప్పుడు పోయింది.

ఇంత చదివాక నాకు మన 'సంధి' గుర్తుకొచ్చింది. ఒంట్లో కీలు సంధి. వ్యాకరణంలో రెండు మాటలు కలిసే చోటు సంధి. రెండు రాజ్యాల ఒడంబడికా సంధే. తేడా ఒక్కటే. ఇంగ్లీషు మాట విడదీయడాన్ని చూస్తుంది, మన మాట కలపడాన్ని చూస్తుంది.

మన తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతం అలాంటి సంధిస్థలమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండింది. దాన్ని మద్రాసు రాష్ట్రంలో కలపాలని మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు. పటాస్కర్ మధ్యవర్తిత్వం తరువాత 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రకు వెళ్లాయి. ఊళ్ల మధ్య గీత గీశారు గాని, ఒకే ఇంట్లో వినబడే రెండు భాషల మధ్య గీత ఎవరు గీయగలరు?

ఆ రోజున ఉపరాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలోనే, 1888లో, తెలుగు ఇంట. 1926లో ఆక్స్‌ఫర్డులో హిందూ జీవన దృష్టి గురించి ఉపన్యసించారు. 1936లో అక్కడే ఆచార్యులయ్యారు. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో నెహ్రూ తరువాత, గడియారం పన్నెండు కొట్టబోయే ముందు ప్రసంగించినవారిలో ఆయన ఒకరు. ఆర్టిక్యులేట్ అనే మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ మన జిల్లాలో దొరకదు.

అయితే ఈ పొగడ్తలో ఒక ముల్లుంది. 2007లో జో బైడెన్, నల్లజాతివాడైన బరాక్ ఒబామాను ఈ మాటతో మెచ్చుకొని విమర్శల పాలయ్యారు. 'నీవారిలో ఇంత బాగా మాట్లాడేవాడున్నాడా!' అన్న ఆశ్చర్యం ఆ మెప్పులో వినబడిందని చాలామంది నొచ్చుకున్నారు. 'తెలుగువారైనా మీ తమిళం బాగుందే' అనిపించుకున్న మనకు ఆ ముల్లు కొత్త కాదు.

ఇక నా సంగతి. తిరుత్తణి దగ్గర ఒక శాఖలో ఉండగా, ప్రమోషన్‌కు వచ్చిన ఒక గుమాస్తా ఇంగ్లీషులో తడబడ్డాడని 'నాట్ ఆర్టిక్యులేట్' అని రాశాను. తరువాతి వారమే కౌంటరు దగ్గర అతన్ని చూశాను. నగలు కుదువపెట్టడానికి ఒక అవ్వ మనవడితో వచ్చింది. వడ్డీ ఎంత, గడువెప్పుడు, దాటితే నగ వేలానికి ఎలా పోతుందో అవ్వకు తెలుగులో విడమరిచి చెప్పాడు. బడిలో తమిళమే చదివిన మనవడికి అదే తమిళంలో చెప్పాడు. ఫారం ఇంగ్లీషులో నింపాడు. మూడు భాషల మధ్య ఒక్క కీలూ తప్పలేదు. అవ్వ తల ఊపి, తెలుగులో సంతకం పెట్టింది. మనవడు దాన్ని చదవలేకపోయాడు.

నా నివేదిక అప్పటికే పై ఆఫీసుకు వెళ్లిపోయింది. మరుసటి ఏడు 'నాట్' తీసేసి రాశాను. కాని అతనికి పోయిన ఏడాదిని తిరిగి ఇవ్వలేకపోయాను. మాట తెలియనివాణ్ని నేనే, అతను కాదు.