లోపముద్రలు

నాణెములను సేకరించువారు సాధారణముగా రెండు తెగలవారు. పురాతనమైనదానిని కోరువారు కొందరు, చెక్కు చెదరనిదానిని కోరువారు కొందరు. ఈ రెండింటను చేరని మూడవ తెగ యొకటి కలదు. అచ్చుదిమ్మ పగిలినందున అడ్డగీత పడిన రూపాయి, అక్షరము పూడిపోయిన అణా, నడిమి రంధ్రము ఓరకు జరిగిన పైసా – ఇట్టివానిని వీరు ఏరుకొందురు. ఏల యేరుచున్నారని యడిగినచో 'సరదాకు' అని చెప్పుదురు. ఈ సరదా కేవల వినోదమా, లేక చరిత్రకు దీనివలన నేమైన నుపకారము కలదా యనునదియే ఈ వ్యాసమున విచార్యము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది యాచారమున ఒక గృహస్థునియింట చూచిన చిన్న చెక్కపెట్టె. యాచారము ఇబ్రహీంపట్నము ప్రాంతమున, హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో నున్నది. ఇది పూర్వము నైజాము రాజ్యమున అత్రాఫ్‌బల్దా జిల్లాకు చేరిన నేల. అనగా హాలీసిక్కా చెల్లిన నేల. పెట్టెలో నలువదికి లోబడిన నాణెము లుండెను. వానిలో సరియైన ముద్ర గలది యొక్కటియు లేకుండుట చూచి ఆశ్చర్యపడి అడిగితిని. ఆ వృద్ధుడు నవ్వి, "మంచి పైసలన్ని ఖర్చయిపొయినయి పంతులుగారూ. అంగట్ల తీసుకోనియే మిగిలినయి" అనెను. ఈ మాటలో నాణెశాస్త్ర రహస్య మొకటి యిమిడియున్నది.

లోపమనగా నేమి? పాణిని దానిని అదర్శనమని నిర్వచించెను. ఉండదగినది కనబడకుండుటయే లోపము. నాణెముల విషయమున ఈ నిర్వచనము మిక్కిలి పొసగుచున్నది. చేతితో కొట్టిన కాలమున దిమ్మ పెద్దది, లోహపుబిళ్ల చిన్నది. దిమ్మమీద పట్టణనామము పూర్ణముగా నున్నను బిళ్లమీద సగమే పడును. అక్షరము లేక కాదు, కనబడక. అట్టి పది నాణెములను ప్రక్కప్రక్కన నుంచి, ఒకదానిలో లోపించినదానిని మరియొకదానితో పూరించి, దిమ్మమీది శాసనమును పూర్తిగా చదువవచ్చును.

పాణిని ఐదవ అధ్యాయముననే రూపశబ్దమునుండి రూప్యశబ్దమును సాధించుచు రెండర్థములు చెప్పెను. ఒకటి ఆహతము, అనగా కొట్టబడినది. రెండవది ప్రశంస, అనగా చక్కని రూపము గలది. మన రూపాయి యీ రూప్యమునుండియే వచ్చినది. కొట్టబడినదంతయు చక్కనిది కానేరదని కమ్మటీనికి తెలియును. ఆహతమై ప్రశంసకు దూరమైన రూప్యమే మన ప్రస్తుత విషయము.

దోషములు పుట్టు విధము లనేకములు. దిమ్మ వేలకొలది దెబ్బలు తిని పగిలినచో, ఆ పగులులోనికి లోహము చొచ్చి నాణెముమీద ఉబ్బెత్తు గీత యగును. పగులు అంచునకు చేరి ముక్క యూడినచో, ఆ చోట రూపమేమియు లేని గడ్డ యేర్పడును. నూనెయు దుమ్మును దిమ్మ గుంటలలో నిండినచో అక్షరము మాయమగును. బిళ్ల లేకయే రెండు దిమ్మలు ఢీకొన్నచో ఒకదాని బొమ్మ రెండవదానిపై నీడగా దిగును. కొట్టిన నాణెము దిమ్మకే యంటుకొనియుండగా తరువాతి బిళ్లను పెట్టి కొట్టినచో, దానికి ఒకవైపున బొమ్మయు, రెండవవైపున అదే బొమ్మ గుంటపడి అద్దములోని ప్రతిబింబమువలె తారుమారుగను వచ్చును. ఈ కడపటిది ప్రాచీన గ్రీకు రోమక నాణెములలోను కలదు.

అసమగ్రముద్ర చరిత్రను కాపాడిన దృష్టాంతము మన శాతవాహనులదే. 1906లో నాసికసమీపమున జోగల్‌తెంబి యను గ్రామమున సుమారు 13,250 వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత నహపానునివి. వానిలో 9,270కి పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మరల కొట్టించెను. రెండవదెబ్బ సంపూర్ణముగా తగిలియుండినచో నహపానుని ముఖము చెరగిపోయెడిది. శత్రువును గెలిచి యాతని ధనమును తనదిగా జేసికొనిన వైనము నాణెమున కనబడకుండెడిది. క్రింది ముఖము మిగులుట పనివాని దృష్టిలో కొఱత, చరిత్రకారుని దృష్టిలో నిధి.

ఇక హైదరాబాదు టంకశాల మాట. ఇది 1803లో సికందరుజా కాలమున సుల్తాన్‌షాహీలో నెలకొన్నది. 1857 విప్లవము పిమ్మట ఢిల్లీ పాదుషా పేరు తొలగి ఆసఫ్‌జాహీ నామముతో హాలీసిక్కా వెలువడినది. వీనిమీద కనబడు 92 అను అంకె సంవత్సరము కాదు. అబ్జదు లెక్కను మహమ్మదు నామాక్షరముల మొత్తము. 1903లో టంకశాల సైఫాబాదునకు మారినది. ఆ కాలముననే చారుమినారు బొమ్మగల రూపాయలు వచ్చినవి. గోపురద్వారమున మహబూబుఅలీఖానునకు గురుతుగ 'మీము' అను అక్షరము నిలిపిరి. 1911లో ఉస్మానుఅలీఖాను గద్దె యెక్కగా దానికి బదులు 'ఐను' వచ్చినది. తొలి రూపాయలలో ఈ ఐను కుఱచగను, పిదపవానిలో పూర్ణముగను ఉన్నది.

ఇచ్చట నొక వివేచన యావశ్యకము. కుఱచ ఐను పగులువలన పుట్టినది కాదు. దిమ్మను చెక్కునప్పుడే వచ్చినది. తాళపత్రప్రతులను పరిష్కరించువారికి ఈ భేదము సుపరిచితము. మూలమునందే రెండు విధములుగా నున్నది పాఠభేదము. వ్రాయసగాని చేతినుండి జారినది లేఖకదోషము. రెండింటిని కలిపివేయరాదు. అదే 1911లో ఆంగ్లప్రభుత్వము వెలువరించిన ఐదవ జార్జి రూపాయిలో రాజు ధరించిన హారమందలి యేనుగు పందివలె నున్నదని జనులు నిరసింపగా, దిమ్మను మార్చి 1912లో క్రొత్త రూపాయలు కొట్టిరి. అదియు చెక్కడపు కథయే కాని పగులు కథ కాదు.

అయినను లేఖకదోషము హేయము కాదు. రెండు ప్రతులలో ఒకే తప్పు ఒకేచోట నున్నచో అవి రెండును ఒక్క మాతృకనుండి పుట్టినవని నిర్ణయింతుము. ఒప్పులు బంధుత్వమును తెలుపజాలవు, తప్పులే తెలుపును. నాణెములును అట్లే. ఒకే పగులు గల రెండు రూపాయలు ఒకే దిమ్మకు బిడ్డలు. మొదటిదానిలో పగులు వెండ్రుకవలెను, రెండవదానిలో అంచువరకును ఉన్నచో, మొదటిదే ముందు కొట్టబడినది. సంవత్సరము ముద్రింపని నాణెములకు సైతము ఇట్లు పౌర్వాపర్యము తేలును. నిర్దోషమైన ముద్ర ఈ సాక్ష్యము నీయలేదు.

సరదాగా సేకరించువారికి ఒకటి రెండు హెచ్చరికలు. ఆకురాతితో రాచి, సుత్తితో మోది, దోషమును 'కల్పించి' అమ్మువారు కలరు. దిమ్మపగులు ఉబ్బెత్తుగా నుండును; తరువాత తగిలిన గాయము గుంటగా నుండును. ఈ యొక్క లక్షణము ననేక మోసములనుండి తప్పించును. నాణెమును చింతపండుతో తోమరాదు. భూమిలో నిక్షేపముగా దొరకినదానిని దాచుకొనక 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను. దొరకిన చోటు వ్రాయని నాణెము ఊరు పేరు లేని తాళపత్రము వంటిది.

హాలీసిక్కా 1959లో చెల్లుబాటు కోల్పోయినది. టంకశాలయు 1997లో చర్లపల్లికి మారినది. సైఫాబాదు భవనమున 2022లో ప్రదర్శనశాల వెలసినది. కాని ప్రదర్శనశాలలలో సాధారణముగా చోటు దొరకునది చక్కని నాణెమునకే. వంకరది గ్రామములందలి పెట్టెలలోనే యున్నది.

యాచారపు పెట్టెలో రెండు వెండిరూపాయల మీద చారుమినారు ప్రక్కగా ఒకేవిధమైన పగులు చూచినట్లు నాకు జ్ఞాపకము. నాడు తూకము, సంవత్సరము మాత్రము వ్రాసికొంటిని. పగులు ఏ యక్షరము మీదుగా పోయినదో వ్రాయలేదు. మరల వచ్చి చూచెదనని చెప్పి తడవు చేసితిని. నేను పోవునప్పటికి వెండివన్నియు కంసాలి మూసలో కరగియుండెను. ఇంటివారి తప్పు లేదు. వారికి అవి చెల్లని కాసులు, నాకు సాక్ష్యములు. సాక్ష్యమును వ్రాసికొనని తప్పు నాదే. ఆ రెండును ఒక దిమ్మకు పుట్టినవో కావో ఇక తేల్చు మార్గము లేదు.

కావున పాఠకమహాశయులు తమ యిండ్లలోని వికలనాణెములను మూసకు పంపుటకు ముందు, ఇరువైపుల కాగితము నుంచి సీసపుకడ్డీతో రుద్ది ముద్రను దింపి, తూకమును, దొరకిన యూరును వ్రాసి పత్రికకు పంపుదురుగాక. నాణెము వారియొద్దనే యుండవచ్చును. మనకు కావలసినది దాని లోపము.