నాడీ ప్రచోదనం

నాడీకణం పొర వెంబడి ప్రయాణించే క్షణికమైన విద్యుత్ మార్పును నాడీ ప్రచోదనం అంటారు. విశ్రాంతిలో ఉన్నప్పుడు కణం లోపలి వోల్టేజి, వెలుపలితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. లోపల పొటాషియం అయాన్లు, బయట సోడియం అయాన్లు ఎక్కువ. పొరలోని పంపు ఒక్కో విడతకు 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూ ఈ తేడాను నిలబెడుతుంది.

ప్రేరణ వల్ల వోల్టేజి సుమారు -55 మిల్లీవోల్టులకు చేరగానే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొచ్చి, మిల్లీసెకను లోపే కణం లోపలి భాగం ధనాత్మకమవుతుంది. వెంటనే ఆ ద్వారాలు మూతపడతాయి, పొటాషియం బయటికి పోయి పాత స్థితి నెలకొంటుంది. ప్రేరణ బలపడితే ప్రచోదనం పెద్దదవదు; ప్రచోదనాల సంఖ్య పెరుగుతుందంతే.

ఈ గుట్టు విప్పడంలో సగం ఘనత స్క్విడ్ అనే సముద్రజీవిది. దాని అక్షతంతువు, అంటే నాడీకణం నుంచి సాగే పొడవైన పోగు, దాదాపు మిల్లీమీటరు మందం. లోపలికి ఎలక్ట్రోడ్ దూర్చవచ్చు. 1939లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ పనే చేశారు. యుద్ధం వల్ల పరిశోధన ఆగింది. 1952లో వారు ప్రచురించిన, ప్రచోదనాన్ని వివరించే సమీకరణాలను హక్స్‌లీ చేత్తో తిప్పే గణనయంత్రంపై సాధించాడంటే ఆ ఓపికకు దండం పెట్టాలి. 1963లో జాన్ ఎకిల్స్‌తో కలిసి వారికి నోబెల్ వచ్చింది.

మైలిన్ అనే కొవ్వు తొడుగున్న తంతువుల్లో ప్రచోదన వేగం సెకనుకు 100 మీటర్లు దాటవచ్చు. తొడుగు లేనివాటిలో ఒకటి రెండు మీటర్లే. తంతువు చివర సంకేతం సాధారణంగా రసాయనాల ద్వారా పక్క కణానికి చేరుతుంది. దంతవైద్యులు ఇచ్చే లిగ్నోకెయిన్ సోడియం ద్వారాలను అడ్డుకునే నొప్పి తెలియకుండా చేస్తుంది.